పైన పటారం, లోన లొటారం: పాత కారు హోసుల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో రేడియేటర్ గురించి రాస్తూ, హోసుల (నీళ్లూ పెట్రోలూ బ్రేక్ ఆయిలూ మోసే రబ్బరు గొట్టాల) సంగతి ఇంకోసారి చూద్దాం అని ఒక ముక్క అన్నాను. అంతే, ఈ నెల ఉత్తరాలన్నీ వాటి మీదే. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒకరి ఉత్తరమే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. మీ పేర్ల బదులు కార్ల పేర్లు వేశాను, ఎలాగూ మనలో చాలామందిని జనం కారు పేరుతోనే గుర్తుపడతారు.

ప్రశ్న (మోరిస్ మైనర్): సార్, దారిలో ఉండగా నా కారు టాప్ హోస్ (ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వేడినీళ్లు తెచ్చేది) రేడియేటర్ దగ్గర, సరిగ్గా క్లిప్పు పక్కన పగిలి ఆవిరి చిమ్మింది. డిక్కీలో ఉన్న ప్యాకింగ్ టేపు బాగా చుట్టి, నీళ్లు పోసి బయల్దేరితే రెండు కిలోమీటర్లు కూడా రాలేదు. ఇలాంటి పగులుని ఏ జిగురుతోనైనా శాశ్వతంగా అతికించుకోవచ్చా?

జవాబు: శాశ్వతంగా అంటే కుదరదు. ఇంటికి చేరేదాకా అంటే మాత్రం మూడు నాలుగు దారులున్నాయి, కానీ ముందు మీ టేపు ఎందుకు ఊడిందో చూద్దాం. దాని జిగురు తడి రబ్బరుకి పట్టదు, పట్టినా వేడికి కరిగి జారిపోతుంది, పైగా లోపల ప్రెజర్ ఉంది. మీ కాలం కార్ల రేడియేటర్ మూత మీద 4 అనో 7 అనో అంకె ఉంటుంది చూడండి, అది పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని ప్రెజర్ లెక్క. 7 పీఎస్ఐ మూత ఉంటే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 111 దగ్గర మరుగుతాయి, ఆ మూత పెట్టిందే అందుకు. కానీ అదే ప్రెజర్ మీ పగులుని లోపల్నుంచి తెరిచి పట్టుకుంటుంది, బయటి నుంచి మీరు ఎంత చుట్టినా.

నిజానికి మీకు టేపే అక్కర్లేదు. పగులు చివరనే ఉందన్నారు కదా, క్లిప్పు వదులు చేసి హోస్ ఊడదీసి, పాడైన ఆ అంగుళం ముక్కని బ్లేడుతో తిన్నగా కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ రేడియేటర్ మెడ మీదకి తోసి బిగిస్తే ఇంటికి వచ్చేసేవారు. చాలా హోసులకి ఆ మాత్రం సాగుబాటు ఉంటుంది. అయితే ఇంజిన్ తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతూ ఉంటుంది, రేడియేటర్ కదలదు, అందుకని కురచ చేసిన హోస్‌ని తీగలా లాగిపెట్టి చాలా దూరం తిరిగితే ఈసారి రేడియేటర్ మెడ దగ్గర టంకం ఊడుతుంది.

పగులు మధ్యలో ఉంటే అక్కడ హోస్‌ని రెండుగా కోసి, లోపలి కొలతకి సరిపోయే లోహపు గొట్టం ముక్క ఒకటి పెట్టి, అటొకటి ఇటొకటి క్లిప్పులు వేయడం అన్నిటికన్నా గట్టి ఏర్పాటు. అది లేకపోతే తనకి తానే అతుక్కునే సిలికాన్ టేపు. దానికి జిగురు ఉండదు, సాగదీసి చుట్టినప్పుడు ఒక పొర ఇంకో పొరలో కలిసిపోయి ఒకే ముద్ద రబ్బరు అయిపోతుంది. హోస్‌ని పొడిబట్టతో పూర్తిగా తుడిచి, పగులుకి రెండు అంగుళాల ఇవతల మొదలుపెట్టి, రెండు అంగుళాల అవతల దాకా, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా, టేపు దాదాపు రెండింతలు సాగేలా లాగుతూ చుట్టాలి. వదులుగా చుడితే అది వట్టి అలంకారం. అదీ లేదంటే పాత సైకిల్ ట్యూబుని నిలువునా చీల్చి పట్టీలు చేసి అదే పద్ధతిలో చుట్టండి, చివర తీగతో కట్టండి. వెనకటి డ్రైవర్లు ఎక్కువగా చేసింది ఇదే.

ఏది చేసినా రేడియేటర్ మూతని పూర్తిగా బిగించకుండా మొదటి మెట్టు దగ్గరే (తిప్పుతుంటే మొదట ఆగేచోట) వదిలేయండి. ప్రెజర్ ఎక్కదు, కట్టు నిలుస్తుంది. కానీ అప్పుడు నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి కాబట్టి నెమ్మదిగా నడపాలి, కన్ను టెంపరేచర్ గేజ్ మీద ఉండాలి, హీటర్ ఉన్న కారైతే దాన్ని పూర్తిగా తెరిచిపెట్టాలి. లోపల కూర్చున్నవాళ్లకి ఉక్కపోతే, కానీ ఇంజిన్‌కి అది రెండో రేడియేటర్. ఇంకో రెండు మాటలు, తెలిసినవే అయినా: వేడి మీద మూత తిప్పొద్దు, ఆవిరి సూటిగా ముఖానికే కొడుతుంది. కాగిపోయిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్ (ఇంజిన్ పై భాగం) బీటవేస్తే హోస్ ఖర్చు గురించి ఇంకెప్పుడూ గుర్తుకు రాదు.

ప్రశ్న (ఫియట్ 1100): మా కారు హోసులు నల్లగా నున్నగా మెరుస్తున్నాయి. వేసి పన్నెండేళ్లయింది గానీ బండి ఏడాదికి మూడొందల కిలోమీటర్లు కూడా తిరగదు. మెకానిక్ మాత్రం అన్నీ మార్చేద్దాం అంటున్నాడు. బాగున్నవాటిని ఎందుకు మార్చాలండీ?

జవాబు: ఈసారికి నేను మెకానిక్ వైపు. హోసులకి కిలోమీటర్ల లెక్క కాదు, ఏళ్ల లెక్క. ఇంకో చిక్కేమిటంటే, హోస్ పాడవడం చాలాసార్లు లోపల్నుంచి మొదలవుతుంది. రబ్బరు నల్లగా ఉండేది అందులో కలిపిన కార్బన్ వల్ల, ఆ కార్బన్ కొద్దిగా కరెంటుని పోనిస్తుంది. లోపల కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), చివర్లో లోహపు మెడ, మధ్యలో ఈ రబ్బరు, మూడూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఏళ్ల తరబడి ఆ పని సాగితే లోపలి గోడ మీద సన్నటి నిలువు చారలు పడతాయి, ఆ చారల్లోంచి కూలెంట్ రబ్బరు మధ్యలో ఉన్న నూలు అల్లికలోకి దిగుతుంది, అక్కడ వేడికీ ప్రెజర్‌కీ అల్లిక కుళ్లి ఒక రోజు పుసుక్కున తెగుతుంది. బయట మెరుపు మెరుపే. కాలం చెల్లిన కూలెంట్ ఉన్న బండిలో, ముఖ్యంగా ఏళ్లుగా అదే కూలెంట్‌తో నిలబెట్టేసిన బండిలో, ఇది ఇంకా తొందరగా సాగుతుంది. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే.

దీన్ని కంటితో కాదు, వేళ్లతో పట్టుకోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక హోస్‌ని మధ్యలో పట్టుకుని ఒకసారి నొక్కండి, చెయ్యి ఆ గట్టిదనాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత క్లిప్పుకి ఒకటి రెండు అంగుళాల లోపల, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కండి, అరచేత్తో కాదు, వేళ్ల చివర్లతో. మధ్యలో కన్నా ఇక్కడ మెత్తగా దిగిపోతున్నా, లోపల ఏదో గాడి ఉన్నట్టు వేలికి తగులుతున్నా ఆ హోస్ పని అయిపోయినట్టే. నొక్కినప్పుడు కరకరమని చప్పుడొస్తే లోపల ఎండిపోయి పగుళ్లిచ్చింది. ఉబ్బి, జిగటగా, పట్టుకున్న వేలికి నల్లగా అంటుకుంటుంటే దాని మీద ఎక్కణ్నుంచో ఇంజిన్ ఆయిల్ కారుతోంది, ముందు ఆ లీకు చూడండి, లేకపోతే కొత్తదీ అంతే అవుతుంది. కూలెంట్ హోసులు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు, అది వేడికీ నీళ్లకీ గట్టిది, ఆయిల్‌కీ పెట్రోల్‌కీ మాత్రం అస్సలు ఆగదు.

మీ హోసుల మెరుపు గురించి నాకింకో అనుమానం ఉంది. టైర్లకి పూసే పాలిష్ ఎవరో వాటికీ పూస్తున్నారు. అది మానిపించండి, మెరుపు చాటున పగుళ్లు కనపడవు.

ప్రశ్న (పేరు, కారు రెండూ వద్దన్నారు): ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడినా నా కారు వేడెక్కదు. హైవే ఎక్కి స్పీడు అందుకోగానే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. రేడియేటర్ బాగు చేయించాను, థర్మోస్టాట్ మార్చాను, వాటర్ పంపు కూడా కొత్తదే. అయినా అంతే. టెన్షన్‌తో చచ్చిపోతున్నాను.

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా సొంత కథ చదువుతున్నట్టే ఉంది. నా పాత కారుతో ఒక వేసవి అంతా ఇదే అవస్థ పడ్డాను, మీలాగే అన్నీ మార్చాను, చూసిన ప్రతి ఒక్కరూ హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయింది అన్నారు. చివరికి ఒకరోజు బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా యాక్సిలరేటర్ తీగని చేత్తో లాగి అలాగే పట్టుకుని కిందికి చూస్తే, రేడియేటర్ అడుగు నుంచి ఇంజిన్‌కి నీళ్లు తెచ్చే బాటమ్ హోస్ నా కళ్లముందే మెల్లగా చప్పిడై రెండు గోడలూ అతుక్కుపోయింది. తీగ వదిలేయగానే బుస్సుమని మళ్లీ గుండ్రంగా వచ్చింది. అప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సంగతేంటంటే టాప్ హోస్‌లో పంపు నీళ్లని తోస్తుంది, బాటమ్ హోస్‌లోంచి పీలుస్తుంది. స్పీడు పెరిగేకొద్దీ ఆ పీల్పు పెరుగుతుంది. మెత్తబడిన హోస్ అయితే స్ట్రాని గట్టిగా పీల్చినట్టు ముడుచుకుపోతుంది, నీళ్ల దారి మూసుకుపోతుంది, ట్రాఫిక్‌లో నిలబడితే పీల్పు తక్కువ కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే చాలా కార్ల బాటమ్ హోస్ లోపల ఫ్యాక్టరీలోనే ఒక స్ప్రింగు చుట్ట పెట్టేవారు. ఏళ్లు గడిచాక అది తుప్పుపట్టి ముక్కలవుతుంది, లేదా హోస్ మార్చినవాళ్లు ఇదేదో పనికిరాని తీగ అనుకుని పారేస్తారు. నా కారులో జరిగింది రెండోది. హోస్ మార్చేటప్పుడు పాతదాన్ని పారేయకముందు లోపల స్ప్రింగు ఉందేమో చూడండి, తుప్పు పట్టకుండా ఉంటే కొత్తదాంట్లోకి ఎక్కించండి, లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టండి.

మీ బండిలో స్పీడు మీద కూడా హోస్ గుండ్రంగానే ఉంటే ఇంకొకటి చూడాలి. హోస్ లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతూ ఉండొచ్చు, నీళ్లు జోరుగా వచ్చినప్పుడు అది తలుపులా అడ్డం పడుతుంది. ఇది బయటికి ఏ రకంగానూ కనపడదు, ఊడదీసి లైటు వేసి ఆ చివర నుంచి ఈ చివరకి చూడాల్సిందే. ఊడదీసిన హోస్‌ని పారేసే ముందు బ్లేడుతో నిలువునా చీల్చి తెరిచి చూడటం నాకు అలవాటైపోయింది, వాటిలో లోపల కూడా బాగున్నవి చాలా తక్కువ.

ప్రశ్న (హిల్మన్): పొద్దున్నే బానెట్ ఎత్తితే టాప్ హోస్ నొక్కుకుపోయి ఉంటోంది. రాత్రి బండి పెట్టినప్పుడు బాగానే ఉంది. హోస్ మార్చాలా?

జవాబు: ముందు రేడియేటర్ మూత మార్చండి. మూత మధ్యలో చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, ఇంజిన్ చల్లారుతూ లోపల వాక్యూమ్ ఏర్పడినప్పుడు అది తెరుచుకుని గాలినో, బయటి డబ్బాలోని కూలెంట్‌నో లోపలికి రానివ్వాలి. అది బిగుసుకుపోతే హోస్ చప్పిడవుతుంది. తప్పు మూతది, కనపడేది హోస్ మీద. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకెదే కొనండి. 7 ఉన్నచోట 15 వేస్తే ఇంకా మంచిది అనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల హీటర్ రేడియేటర్ కారులోపల కాళ్ల మీద చిమ్మినప్పుడు గానీ సంగతి తెలియదు.

ప్రశ్న (ఫోక్స్‌వ్యాగన్ బీటిల్): మీరెప్పుడూ నీళ్ల హోసుల గురించే రాస్తారు, మా బండి ఇంజిన్ గాలితోనే చల్లబడుతుంది, ఆ బాధే లేదు. కానీ పొద్దున్నే గ్యారేజీలో పెట్రోల్ వాసన వస్తోంది. ఇంజిన్ దగ్గర గుడ్డ అల్లిక ఉన్న పెట్రోల్ పైపు కాస్త తడిగా అనిపిస్తోంది. మీరు చెప్పే ఆ సిలికాన్ టేపు చుట్టి, పైన ఎపాక్సీ పూయొచ్చా?

జవాబు: వద్దు. ఈ జవాబు చదవడం పూర్తయ్యాక కూడా బండి స్టార్ట్ చేయొద్దు.

నీళ్ల హోస్‌తో బేరమాడొచ్చు, పెట్రోల్ పైపుతో ఆడకూడదు. సిలికాన్ పెట్రోల్‌కి ఆగదు, ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక వంగదు, పైపు మాత్రం ఊగుతూనే ఉంటుంది, దాంతో పూత అంచు దగ్గరే కొత్త పగులు వస్తుంది. పైగా మీ ఇంజిన్‌లో పెట్రోల్ పంపూ డిస్ట్రిబ్యూటర్ పక్కపక్కనే ఉంటాయి, కారే చుక్క, మెరిసే నిప్పురవ్వ ఒకే చోట అన్నమాట. క్రాంక్‌కేస్ (ఇంజిన్ బయటి పెట్టె) మెగ్నీషియం మిశ్రమంతో చేసింది, అది అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పేది కాదు. బీటిల్ మంటల కథలు మీరూ వినే ఉంటారు, వాటిలో చాలావాటి మొదలు మీరు రాసిన ఆ తడి పైపే.

గుడ్డ అల్లిక ఉన్న పైపు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ పగుళ్లన్నిటినీ ఆ గుడ్డే దాచేస్తుంది. కాబట్టి ఒకటి మార్చి ఇంకోటి ఉంచడం కాదు, ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా రబ్బరు ఉన్న ప్రతి ముక్కా మార్చండి, ట్యాంకు కింద ఉన్నదీ, ముందు నుంచి వెనక్కి వచ్చే ఇనుప పైపు చివర గేర్‌బాక్స్ దగ్గర ఉన్నదీ అందరూ మర్చిపోతారు. కొత్తది కొనేటప్పుడు పైపు మీద అచ్చు చదవండి. ఎస్ఏఈ జే30 (పెట్రోల్ పైపులకి పెట్టిన ఒక ప్రమాణం పేరు) అని ఉండి, పక్కన ఆర్6 అనో ఆర్7 అనో ఉంటే అది మామూలు నైట్రైల్ రకం, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి తొందరగా గట్టిపడి బీటలిస్తుంది. ఆర్9 అని ఉంటే లోపలి పొర ఫ్లోరో రబ్బరు, అది ఇథనాల్‌కి ఆగుతుంది. ఆర్9 ఇంజెక్షన్ కార్ల కోసం 100 పీఎస్ఐకి చేసింది, మీ కార్బ్యురేటర్‌కి కావాల్సింది మహా అయితే మూడు నాలుగు, అంటే ప్రెజర్ కోసం కాదు మనం అది వేసేది, లోపలి పొర కోసం. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే పైపు ఉన్న కార్లున్నవాళ్లకి మాత్రం ఇది కాదు, ఆర్10 కావాలి, ఎందుకంటే ఆర్9 బయటి పొర పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు.

క్లిప్పుల సంగతి కూడా. గాడులు తెగిన మామూలు స్క్రూ క్లిప్పుని 1921లో లమ్లీ రాబిన్సన్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి పేటెంట్ చేయించాడు, జూబిలీ క్లిప్పు అని మనం పిలిచేది అదే, నీళ్ల హోసులకి ఈనాటికీ దానికి సాటి లేదు. కానీ సన్నటి పెట్రోల్ పైపుని అది గుండ్రంగా పట్టదు, గాడులు రబ్బరుని కొరుకుతాయి. అంచులు మడిచి, లోపలి వైపు నున్నగా ఉన్న, నట్టూ బోల్టుతో బిగించే చిన్న ఫ్యూయల్ క్లాంపులు వాడండి. ఇంజిన్ దగ్గర పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య ప్లాస్టిక్ ఫిల్టర్ వేలాడుతుంటే దాన్ని అక్కణ్నుంచి తీసేసి బండి కిందికి మార్చండి, దాని బరువుకే పైపు చివర ఊగి ఊగి వదులవుతుంది. చివరగా, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే ఇత్తడి గొట్టాన్ని వేళ్లతో కదిపి చూడండి, అది కదిలితే కొత్త పైపు వేసీ లాభం లేదు.

ప్రశ్న (ఆస్టిన్ కేంబ్రిడ్జ్): బ్రేక్ వేస్తే బండి కుడికి లాగుతోంది, కాసేపు నడిపాక చూస్తే ఎడమ ముందు చక్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటోంది. ఎడమ వైపు వీల్ సిలిండర్లు మార్చాను. తేడా లేదు. బ్రేక్ హోస్ బయటికి చక్కగా ఉంది.

జవాబు: ఆ చక్కదనాన్ని నమ్మకండి. ఎడమ హోస్ లోపల ఉబ్బి దారి సూది బెజ్జంలా అయిపోయి ఉంటుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు ఎడమ చక్రానికి ప్రెజర్ ఆలస్యంగా చేరుతుంది, ఆలోగా కుడిది పట్టేస్తుంది కాబట్టి బండి కుడికి లాగుతుంది. పెడల్ వదిలాక ఎడమ వైపు ఆయిల్ వెనక్కి రాలేక అక్కడే ఉండిపోతుంది, చక్రం రాసుకుంటూ వేడెక్కుతుంది. రెండు లక్షణాలూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

తేల్చుకోవాలంటే ఇలా చేయండి. ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, పెడల్ నాలుగుసార్లు తొక్కి వదిలి, చక్రం బిగుసుకున్నప్పుడు హోస్‌కి పై వైపు ఉన్న ఇనుప పైపు నట్టు కాస్త వదులు చేయండి. చక్రం తిరగలేదంటే నట్టు మళ్లీ బిగించి, ఇప్పుడు కింద బ్లీడ్ నిపుల్ (బ్రేకుల్లో గాలి తీసే చిన్న మర) వదులు చేయండి. చుక్క చిమ్మి చక్రం తిరిగిందంటే అడ్డం ఆ రెండిటి మధ్యే, అంటే హోస్‌లోనే. మొదటి నట్టుకే తిరిగిపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెజర్ పుట్టించేది) వైపు వెతకాలి.

బ్రేక్ హోస్‌కి రిపేరు అనే మాటే లేదు. టేపు, జిగురు, మధ్యలో కోసి కలపడం, ఏదీ లేదు, మార్చడమే. ఒక్కటి కాదు, మూడూ మార్చండి, మూడోది వెనక యాక్సిల్‌కి వెళ్లేది, అది ఎవరికీ కనపడదు కాబట్టి ఎవరూ తాకరు. హైడ్రాలిక్ క్లచ్ అయితే దాని హోస్ కూడా అదే వయసుది. పాత స్టాకు, సీలు విప్పని ప్యాకెట్ అని ఎవరైనా ఆశపెడితే మొహమాటం లేకుండా వద్దనండి, రబ్బరు ప్యాకెట్‌లో ఉన్నా ముసలిదవుతుంది. తయారైన తేదీ అచ్చు ఉన్నది తీసుకోండి. బిగించేటప్పుడు ముందు మరలున్న చివరని కొత్త రాగి వాషర్‌తో చక్రం వైపు బిగించి, తర్వాతే బ్రాకెట్ వైపు నట్టు వేయాలి, వరస తప్పితే హోస్ మెలిపడిపోతుంది. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి టైరుకి ఎక్కడా తగలట్లేదని చూడండి.

ఇంకో సంగతి, లోపల ఎందుకు ఉబ్బిందన్నది. వయసు వల్ల కావచ్చు, బ్రేక్ పని చేసినప్పుడల్లా ఎవరో హోస్‌ని ప్లయర్‌తో నొక్కిపెట్టి ఉండొచ్చు, కాలిపర్‌ని హోస్ మీదే వేలాడదీసి ఉండొచ్చు (ఇది డిస్క్ బ్రేకులున్నవాళ్లకి), లేదా బ్రేక్ డబ్బాలో ఎప్పుడో ఇంజిన్ ఆయిల్ కొంచెం పడి ఉండొచ్చు. మామూలు కార్ల బ్రేక్ రబ్బరుకి ఇంజిన్ ఆయిల్ లాంటి మినరల్ ఆయిల్ విషం, ఒక్క చెంచా పడినా సీళ్లన్నీ ఉబ్బుతాయి. సిట్రోయెన్ డీఎస్ ఉన్నవాళ్లకి ఇది తలకిందులు, 1960ల చివరి నుంచి వచ్చినవాటిలో ఆకుపచ్చ మినరల్ ఆయిలే పోయాలి, అందులో మామూలు బ్రేక్ ఆయిల్ పోస్తేనే ఆ సీళ్లు పాడవుతాయి.

ప్రశ్న (ట్రయంఫ్ హెరాల్డ్): మా మామగారి కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. మా ఆయన హోసులన్నీ నీలం రంగు సిలికాన్‌వి వేసేద్దాం, జన్మలో మళ్లీ మార్చక్కర్లేదు అంటున్నారు. నాకేమో కారు కారులాగే ఉండాలని. ఎవరిది కరెక్టండీ?

జవాబు: మీ ఇంటి తగవులో నన్ను దింపుతున్నారమ్మా. నీళ్ల హోసుల వరకు మీ ఆయన చెప్పింది చాలావరకు నిజమే, సిలికాన్ వేడికి గట్టిపడదు, మామూలు రబ్బరు కన్నా చాలా ఏళ్లు ఎక్కువ వస్తుంది. నల్ల రంగులోనూ దొరుకుతుంది, బానెట్ ఎత్తినా ఎవరూ గుర్తుపట్టరు, ఇద్దరి మాటా నెగ్గుతుంది. కానీ "అన్నీ" అన్న మాట దగ్గర ఆయన్ని ఆపండి. పెట్రోల్‌కీ ఇంజిన్ ఆయిల్‌కీ సిలికాన్ పనికిరాదు. బ్రేక్ సర్వో (పెడల్ తొక్కే బలం తగ్గించే పరికరం) ఉంటే దాని వాక్యూమ్ హోస్‌కి సన్నటి గోడ సిలికాన్ వేస్తే ముడుచుకుపోతుంది, అక్కడ వాక్యూమ్ కోసం చేసిన గట్టి హోసే ఉండాలి. నీళ్ల హోసులకి కూడా గాడులున్న క్లిప్పు వేస్తే మెత్తటి సిలికాన్ ఆ గాడుల్లోంచి పిండినట్టు పైకి వస్తుంది, లోపలి పట్టీ నున్నగా ఉన్న క్లాంపు కావాలి. సిలికాన్ గోడల్లోంచి నీటి ఆవిరి కొద్దికొద్దిగా పోతుంటుంది కూడా, ఏ లీకూ లేకుండా మట్టం కాస్త తగ్గితే కంగారుపడకండి.

ప్రశ్న (మినీ): హోసులన్నీ మారుద్దామని కూర్చున్నాను. రేడియేటర్ వైపుది పీకితే రావట్లేదు, ఇక హెడ్ కింద, హెడ్‌కీ వాటర్ పంపుకీ మధ్య ఉన్న ఆ చిన్న బైపాస్ హోస్ సంగతి చెప్పక్కర్లేదు. దాన్ని కనిపెట్టినవాడెవడో దొరికితే బాగుండు.

జవాబు: దొరికితే నాకూ చెప్పండి. ముందు రేడియేటర్ వైపుది. పీకొద్దు, మెలితిప్పొద్దు, ఆ మెడ పల్చటి ఇత్తడి, టంకంతో అతికినది, హోస్ కన్నా ముందు అదే ఊడివస్తుంది. ఎలాగూ పారేసే హోస్ కదా, మెడ మీద ఉన్న భాగాన్ని బ్లేడుతో నిలువునా కోసి అరటిపట్టలా ఒలిచేయండి, చివరి పొర దగ్గర మాత్రం బ్లేడు ఇత్తడికి దిగకుండా చూసుకోండి, అక్కడ పడిన గీతే రేపటి లీకు. మెడ మీద పేరుకున్న తెల్లటి పొక్కుల్ని సన్నటి ఎమరీ పేపర్‌తో నున్నగా చేయండి. కొత్త హోస్ కొలత పాత హోస్‌ని బట్టి కాదు, ఈ మెడని బట్టి తీసుకోవాలి, పాతది సాగి ఉంటుంది. అంగుళాల కాలం కారుకి మిల్లీమీటర్ల హోస్ వేసేటప్పుడు కూడా జాగ్రత్త, పావు అంగుళం అంటే 6 కాదు, 6.35. పెద్ద హోసుల్లో ఆ తేడా క్లిప్పులో కలిసిపోతుంది, చిన్నవాటిలో కలవదు.

ఎక్కించేటప్పుడు గ్రీజు పూయొద్దు, కాస్త కూలెంటో సబ్బునీళ్లో చాలు. హోస్ మెడ మీది ఉబ్బెత్తు గీత దాటి లోపలికి పోవాలి, క్లిప్పు ఆ గీతకి అవతల కూర్చోవాలి, గీత మీద కాదు.

ఇక బైపాస్. మడతలు మడతలుగా ఉండే రకం తీసుకోండి, హెడ్ గానీ పంపు గానీ విప్పకుండా ఎక్కాలంటే అదే సులువైన దారి. పాతదాన్ని కోసి తీసేసి, రెండు మెడలూ శుభ్రం చేసి, కొత్తదాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచి మెత్తబడ్డాక, రెండు క్లిప్పులూ ముందే దాని మీద తొడిగి, స్క్రూ తలలు మీ స్క్రూడ్రైవర్‌కి అందే వైపు తిప్పి పెట్టుకుని, అప్పుడు నొక్కి కురచ చేసి లోపలికి తోయండి. క్లిప్పుల వైపు చూసుకోకుండా ఎక్కించి, ఎక్కాక స్క్రూ తల ఇంజిన్ వైపు ఉందని తెలిసి మళ్లీ మొదటికొచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఎప్పుడైనా వాటర్ పంపు విప్పాల్సి వస్తే, హోస్ కొత్తదే అయినా ఆ చేత్తోనే ఇంకోటి వేసేయండి, అంత వెసులుబాటు మళ్లీ దొరకదు.

కూలెంట్ నింపేటప్పుడు హీటర్ వాల్వు తెరిచి ఉంచండి, లేకపోతే గాలి లోపలే ఇరుక్కుంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే మట్టం చూసి తగ్గింది పోయండి. ఆ ఒక్క వేడికే కొత్త రబ్బరు క్లిప్పుల కింద కాస్త అణుగుతుంది, అన్నిటికీ ఇంకో పావు చుట్టు పడుతుంది, బైపాస్ దానికి కూడా. స్క్రూడ్రైవర్ అందేలా పెట్టారో లేదో అప్పుడు తెలుస్తుంది.